ముగింపు లేని ఆట

మానవ జీవితంలో ఆటకు ఉన్న స్థానం అల్పమైనది కాదు. శిశువు మాట నేర్వకముందే ఆట నేరుస్తాడు. గెలిచినప్పుడు గర్వించకుండా, ఓడినప్పుడు కుంగిపోకుండా ఉండే గుణం పుస్తకంలో కంటె మైదానంలోనే త్వరగా అలవడుతుంది. కనుక ఆటలను గాని, ఆడేవారిని గాని నిందించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే నేటి విద్యార్థి చేతిలోని సెల్‌ఫోను ఆటకు ఒక కొత్త స్వభావాన్ని తెచ్చిపెట్టింది. ఆ స్వభావం ఎట్టిది, అది మన దినచర్యను, పండుగ సెలవులను, బంధుత్వాలను ఎటు నడిపిస్తున్నది అనే విషయాన్ని మనమందరం నిదానంగా ఆలోచించవలసి ఉన్నది.

ఒకప్పుడు మధ్యతరగతి ఇంట్లో వస్తువంటే అది కుటుంబమంతటికీ చెందినది. నాన్నగారి సైకిలు, గోడ గడియారం, బల్లమీది రేడియో – వీటిలో ఏది ఏ సంవత్సరంలో కొన్నారో ఇంటిల్లిపాదికీ గుర్తుండేది. 1987లో దూరదర్శన్ రామాయణం ప్రసారం చేసిన కాలంలో టెలివిజన్ ఉన్న ఇంటిముందు వీధి వీధంతా చేరేది. నేటి వస్తువు అట్టిది కాదు. సెల్‌ఫోను తెర ఒక్కరి కంటికే సరిపోతుంది. ఇయర్‌ఫోను ఒక్కరికే వినిపిస్తుంది. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై ఇంటర్‌నెట్ చౌక అయిన తరువాత ఈ పరికరం పేద ఇంటికి సైతం చేరింది. ఆటో నడిపే తండ్రి నెలసరి వాయిదాలమీద కొడుక్కి ఫోను కొనిపెడుతున్నాడు. వాయిదాలు తీరకముందే బజారులోకి కొత్త మోడల్ వస్తుంది. చేతిలో నిక్షేపంగా పనిచేస్తున్న వస్తువే ఆ మరునాటినుండి చిన్నతనంగా తోస్తుంది.

అయినా ఈ యంత్రం చేసిన మేలును మరవడం కృతఘ్నత అవుతుంది. 2020లో కరోనా వ్యాధివల్ల విద్యాలయాలు మూతపడినప్పుడు, టెలివిజన్ ప్రసారాలతో పాటు ఈ చిన్న తెరే పాఠాన్ని విద్యార్థి ఇంటికి చేర్చింది. గల్ఫ్ దేశంలో కూలి చేసుకొనే తండ్రి శుక్రవారం సెలవునాడు ఫోనులో తన కొడుకుతో లూడో ఆడితే, ఆ ఆటను తప్పుపట్టగల సంస్కర్త ఎవరు? వీధి మలుపుదాకా వెళ్ళడానికి సైతం అనుమతి కావలసిన ఆడపిల్లకు ఆ తెరే మైదానం. ఆమెకు ఆడుకొనే చోటు చూపకుండా, ఫోను మాత్రం లాగివేసుకోవడం న్యాయం కాదు.

మరి దోషం ఎక్కడ ఉన్నది? ఆటలో లేదు, తెరలో లేదు. ముగింపు లేకపోవడంలో ఉన్నదని నా అభిప్రాయం.

మన పూర్వపు ఆటలను ఒకసారి స్మరించండి. పులిజూదంలో పులులు మూడు, మేకలు పదిహేను. పులులను కదలనీయకుండా మేకలు కట్టివేసినా, మేకలను పులులు తినివేసినా ఆట ముగిసినట్లే. అష్టాచెమ్మలో కాయలన్నీ పండితే ఆట పూర్తి. గిల్లీదండకు సూర్యుడే అంపైరు. చీకటి పడితే బిళ్ళ కంటికి కనిపించదు. గోలీలన్నీ ఓడిపోయినవాడు ఖాళీ జేబుతో ఇంటికి పోక తప్పదు. మన దేశాన చతురంగంగా పుట్టి, పారశీక, అరబ్బు దేశాలు తిరిగి షత్రంజ్ అనిపించుకొన్న ఆటకు సైతం 'షాహ్ మాత్' అనే అంతిమ వాక్యం ఉన్నది. దానినే తెలుగువారు 'ఆటకట్టు' అన్నారు. ఎంత చక్కని మాట! ఆటను కట్టివేయడం కూడా ఆటలో భాగమే అని ఆ మాట చెబుతున్నది.

యంత్రాల మీద ఆడే తొలినాటి ఆటలకు కూడా ఈ ధర్మం ఉండేది. 1984లో మాస్కోలో అలెక్సీ పాజిట్నోవ్ రూపొందించిన టెట్రిస్‌లో ముక్కలు పేరుకొని పై అంచును తాకితే ఆట సమాప్తం. 1997లో నోకియా ఫోనులలోకి వచ్చిన పాము ఆటలో పాము తన శరీరాన్ని తానే తాకితే కథ ముగిసేది. నేటి ఆటలకు ఆ ముగింపు ఎందుకు లేదు? కారణం వ్యాపార పద్ధతిలో ఉన్నది. మన పిల్లలు ఆడే ఆటలలో అత్యధికం ఉచితంగా లభించేవి. ఉచితంగా ఇచ్చినవాడికి ఆదాయం రెండు దారులలో వస్తుంది: మధ్యమధ్య చూపే ప్రకటనలు, ఆటలోపల అమ్మే దుస్తులు, ఆయుధాలు, అలంకారాలు. ఆటగాడు తెరముందు ఎంత ఎక్కువసేపు కూర్చుంటే ఈ రెండు దారులూ అంత విశాలమవుతాయి. కనుక ఆట ముగియకూడదు. ప్రతిదినం హాజరు వేసుకొన్నవారికి బహుమతి. ఒక్కదినం తప్పితే వరుస తెగిపోతుందనే భయం. ఒక సీజన్ ముగియగానే మరొక సీజన్. పండుగ రోజులకైతే ప్రత్యేకమైన ఆకర్షణలు.

వీటికి తోడు, లోపల ఏమున్నదో తెలియని బహుమతి పెట్టెలు. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నర్ పావురాలమీద చేసిన ప్రయోగాలు ఇక్కడ గమనింపదగినవి. ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో తెలియనప్పుడే పావురం విడువకుండా పొడుస్తూ ఉండేది. ఈ పెట్టెల రహస్యం కూడా అదే. 2018లో బెల్జియం దేశం ఇటువంటి చెల్లింపు పెట్టెలను జూదంగా పరిగణించడం ఊరికే జరగలేదు.

ముగింపు లేని ఆటవల్ల కలిగే నష్టం మామూలు దినాలలో అంతగా కనిపించదు. తరగతి గంట కొడుతుంది, బస్సు వస్తుంది, పరీక్ష దగ్గరపడుతుంది. బయటి ప్రపంచమే ఆటను ఆపుతుంది. సెలవులలో ఆ గంట కూడా ఉండదు. రంజాన్ పండుగకు, దసరాకు, సంక్రాంతికి, వేసవికి మన విద్యార్థులు ఊళ్ళకు వెళ్తారు. దాదీ ఇంట్లో, నానీ ఇంట్లో, అమ్మమ్మ ఇంట్లో పిల్లలందరూ ఒకే గదిలో చేరతారు. పూర్వం ఆ గదిలో పెద్దలకు చెవులు చిల్లులు పడేవి. ఇప్పుడు నిశ్శబ్దం. పిల్లలు ఎనిమిది మందైతే తెరలు ఎనిమిది. ఈద్ నమాజు తరువాత షీర్ ఖుర్మా తాగడానికి పది ఇళ్ళకు వెళ్ళిన యువకుడు పది ఇళ్ళలోనూ తన ఫోనునే చూసి తిరిగివస్తున్నాడు. ఎవరి ఇంట్లో ఎవరు చిక్కిపోయారో, ఎవరు ఆ ఏడు కనిపించలేదో అతని దృష్టికి రాదు.

ఈదీ సంగతి మరింత శోచనీయం. తాతగారు తన పింఛనులోనుండి మిగిల్చి, మడతపెట్టి, దువా చేస్తూ మనుమని చేతిలో పెట్టే నోటుకు వెల కట్టలేము. వెనుక ఆ డబ్బుతో పిల్లవాడు ఒక కలం కొనేవాడు, చెల్లెలికి గాజులు కొనేవాడు, కనీసం స్నేహితులతో ఐస్‌క్రీమైనా తినేవాడు. నేడు అది తెరమీది తుపాకికి కొత్త రంగు కొనడానికి పోతున్నది. మరో సీజన్ వచ్చేసరికి ఆ రంగు మాసిపోకుండానే పాతదవుతుంది.

ఆట ముగించలేకపోవడంలోని ప్రమాదాన్ని మన తెలుగు, ఉర్దూ సాహిత్యాలు రెండూ ఎరుగును. నన్నయ తెలుగు చేసిన సభాపర్వంలో ధర్మరాజు మొదటి జూదంలో సర్వం ఓడిపోతాడు. ధృతరాష్ట్రుడు అన్నింటినీ తిరిగి ఇచ్చి పంపుతాడు. కథ అక్కడే ముగియవచ్చును. కాని మరొక్క ఆటకు రమ్మని పిలుపు వస్తుంది, ధర్మరాజు వెళ్తాడు. పన్నెండేళ్ళ వనవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం ఆ రెండవ ఆటవల్ల వచ్చినవే. ఇక హిందీ, ఉర్దూ భాషలు రెండింటికీ చెందిన ప్రేమ్‌చంద్ రచించిన 'షత్రంజ్ కే ఖిలాడీ' కథలో, 1856లో కంపెనీవారు అవధ్ రాజ్యాన్ని హరిస్తున్న సమయంలో లక్నో ప్రభువులిద్దరు చదరంగం ముందునుండి లేవరు. తమ నవాబు బందీ అయినప్పుడు దూయని కత్తులను చివరకు ఆటలోని తగవుకోసం దూసి, ఒకరినొకరు పొడుచుకొని మరణిస్తారు. సత్యజిత్ రాయ్ 1977లో ఈ కథను చలనచిత్రంగా తీస్తూ వారిద్దరినీ బ్రతికించారు. బ్రతికి, వారు మళ్ళీ ఆటకే కూర్చుంటారు. ఏది ఎక్కువ విషాదమో పాఠకులే నిర్ణయించవలె.

ప్రభుత్వాలు ఈ విషయంలో ఊరక లేవు. 2021లో చైనా పద్దెనిమిదేళ్ళు నిండనివారికి శుక్ర, శని, ఆదివారాలలోను, సెలవు దినాలలోను రాత్రి 8 నుండి 9 వరకు మాత్రమే ఆన్‌లైన్ ఆటలను అనుమతించింది. మన దేశంలో 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను నిషేధించారు. దాని భారతీయ రూపం నిలిచిపోయి 2023 మేలో తిరిగి వచ్చినప్పుడు మైనర్లకు దినానికి 3 గంటలు, ఇతరులకు 6 గంటలు అనే పరిమితి ఏర్పడింది. దినానికి ఆరు గంటలు! కళాశాలలో మా పాఠాలన్నీ కలిపినా అంతకు మించవు. 2025 ఆగస్టులో మన పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అప్పులపాలైన కుటుంబాలను తలచుకొంటే ఇది హర్షింపదగినదే. కాని చట్టం ఆటను ఆపగలదు గాని, ఆపుకోవడం నేర్పలేదు. 2022 జనవరినుండి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో 'గేమింగ్ రుగ్మత'కు మొదటి లక్షణంగా చెప్పినది గంటల లెక్క కాదు. ఆటమీద అదుపు తప్పడం.

ఈ అదుపు ఎందుకు అవసరమో తెలుగు అధ్యాపకుడిగా నాకు తోచిన ఒక కారణం చెబుతాను. సెలవుల తరువాత నేను తరగతిలో 'మా ఊరి ప్రయాణం' అని వ్యాసం రాయిస్తూ ఉంటాను. అనేక వ్యాసాలలో బస్సు ఎక్కడం ఉంటుంది, దిగడం ఉంటుంది, పండుగ భోజనం ఉంటుంది. నానీ ఏమన్నదో ఒక్క వాక్యం ఉండదు. మన విద్యార్థులలో చాలామందిది ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు. కొందరికి ఇంటా బయటా తెలుగే. దూది ఏకిన తాతకు తన పనిముట్లలో ఒక్కొక్కదానికి ఒక పేరు తెలుసు. పొలం చేసిన దాదాకు నేలల పేర్లు, వానల పేర్లు తెలుసు. దాదీ మాటలో దక్కనీ ఎక్కడ ఆగి తెలుగు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం పండితులకూ కష్టం. ఆ మాటలలో పుస్తకానికి ఎక్కనివి ఎన్నో. వాటిని వినడానికి ఏడాదికి ఒకటి రెండు సెలవులకంటె వేరే అవకాశం లేదు.

ఇక్కడే ఒక సత్యం గుర్తింపదగినది. తెరమీద ఆటగాడి ప్రాణం పోతే మరుక్షణం మరొక ప్రాణం లభిస్తుంది. ఆ ఆటకు అంతం లేదు. నానీ ఇంటికి మనం వెళ్ళగల సెలవులకు మాత్రం లెక్క ఉన్నది. అంతం లేనిదానికోసం అంతం ఉన్నదానిని వ్యయం చేసుకొంటున్నాము.

విద్యార్థినీ విద్యార్థులారా! ఫోనులను విసర్జింపుమని నేను కోరడంలేదు. ఆట మొదలుపెట్టకముందే దాని ముగింపును మీరు నిర్ణయించుకొనండి. 'రెండు ఆటలు' అనుకొంటే రెండే. మూడవ ఆటకు పిలుపు వచ్చినప్పుడు ధర్మరాజును తలచుకొనండి. ఊరికి వెళ్ళినప్పుడు సాయంకాలం దీపాలు పెట్టిన వేళనుండి భోజనాల దాకా ఫోనులన్నీ ఒక గూటిలో ఉంచండి. పెద్దలకు కూడా నా మనవి ఒకటి ఉన్నది: పిల్లవానిని మందలించే తండ్రి చేతిలో మరొక ఫోను వెలుగుతూ ఉంటే ఆ మందలింపుకు బలం ఉండదు. ఇక కళాశాలవారు బాలికలకు కూడా ఆడుకొనే స్థలం, సమయం కల్పించవలె. క్యారమ్ బల్ల, చదరంగం బల్ల కొనడానికి పెద్ద నిధులు అక్కరలేదు.

చివరగా ఒక ప్రతిపాదన. ఈ వేసవి సెలవులలో మీలో ప్రతి ఒక్కరు ఇంటి పెద్దలను అడిగి, మీకు తెలియని పది మాటలు, అవి ఏ భాషవైనా సరే, అర్థాలతో రాసుకొని రండి. ఉర్దూ మాటలు ఉర్దూ విభాగంలో, తెలుగు మాటలు తెలుగు విభాగంలో రాబోయే వార్షిక సంచికలో ప్రకటించుకొందాము. చెప్పినవారి పేరు, ఊరు ప్రతి మాట పక్కన ఉండవలె. పది మాటలు అడగడానికి ఒక సాయంకాలం చాలును.