సుద్దముక్కయు, మరబండియు

ఐదేండ్లలో ప్రభుత్వ పాఠశాలలయందు 50,000 అటల్ టింకరింగ్ ప్రయోగశాలలను నెలకొల్పుదుమని కేంద్రప్రభుత్వమువారు 2025 ఫిబ్రవరి ఆయవ్యయపట్టికలో ప్రకటించిరి. 2016లో ఆరంభమైన ఈ ప్రణాళిక క్రింద ఇదివరకే పదివేల పాఠశాలలలో ఇట్టి శాలలు వెలసినవి. ఆరవ తరగతి మొదలు పన్నెండవ తరగతివరకు గల బాలబాలికలు తమ చేతులతోనే చిన్న యంత్రములను, రోబోలను నిర్మింపవలెననుట వీని యుద్దేశము. ఉద్దేశము శ్లాఘనీయమే. కాని శాలల సంఖ్యను బట్టి విద్యను లెక్కింపరాదు. శాలలోని వస్తువు బాలుని చేతికి వచ్చునా, బీరువాలోనే యుండునా యనునదియే అసలు ప్రశ్నము.

రోబో నిర్మాణము సామాన్యులకు సాధ్యమగుటకు గల కారణమును మొదట గ్రహింతము. ఇటలీదేశపు ఇవ్రియా పట్టణమందలి ఒక రూపకల్పన విద్యాలయమున, కొలంబియా దేశీయుడగు హెర్నాండో బర్రాగన్ అను విద్యార్థి 2003లో ‘వైరింగ్’ అను సాధనమును కల్పించెను. ఆ బాటనే 2005లో మాసిమో బాంజీ మున్నగువారు అచటనే మరింత చవుకయైన ‘ఆర్డునో’ బోర్డును సిద్ధపరచిరి. వారు బోర్డు పటములను దాచుకొనక లోకమునకు వెల్లడించిరి. పేరు మాత్రము వారిది, నమూనా అందరిది. కావుననే నేడు దాని ప్రతులు మన బజారులలో కొలది వందల రూపాయలకు లభించుచున్నవి. ఆర్డునో ఊనో బోర్డునందలి మైక్రోకంట్రోలరున ప్రోగ్రామునకు 32 కిలోబైట్ల చోటు కలదు. పని జరుగునప్పుడు వాడుకొనుటకు మెమరీ రెండే కిలోబైట్లు. నేటి ఫోనులయెదుట ఇది లెక్కకు రానిదే. అయినను ఒక చిన్న బండిని నడుపుటకు చాలును.

అట్టి బండి నొకదానిని చూతము. తెల్లని నేలపై నల్లగీత గీసి, దానివెంట తనంత తానే నడచు బండిని విద్యార్థులు తరచుగా తొలుత నిర్మింతురు. గీత కిరువైపుల రెండు పరారుణ సెన్సారు లుండును. తెలుపు కిరణమును తిరుగగొట్టును, నలుపు మ్రింగివేయును. ఎడమ సెన్సారు క్రిందికి గీత వచ్చెనా, బండి కుడికి తొలగినదని యర్థము. వెంటనే ఎడమచక్రపు వేగము తగ్గింపవలెను. సూత్ర మింతియే. దానిని కొలది పంక్తులలో వ్రాయవచ్చును.

చిక్కులన్నియు బండి నేలపైకి దిగినపిమ్మట బయలుదేరును. కిటికీనుండి ఎండ పడగానే సెన్సారు భ్రమించును. ఏలయన ఎండలోను పరారుణ కిరణములు కలవు. బోర్డు పిన్నునకు మోటారును నేరుగా తగిలించినచో బోర్డు చెడవచ్చును. పిన్నునుండి తీయదగిన ప్రవాహము 20 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. మోటారు కోరునది అంతకు పెక్కురెట్లు. నడుమ డ్రైవరు సర్క్యూటును నిలిపి, ఆజ్ఞను బోర్డునుండియు, బలమును బ్యాటరీనుండియు గైకొనవలయును. ఒక బోర్డును కాల్చుకొన్న బాలుడు ఈ భేదమును జన్మములో మరువడు. బొమ్మను చూచి ముక్కలు బిగించు తయారుపెట్టెలో ఈ పాఠము లేదు. అది ప్రదర్శనదినమున చక్కగా నడచును, నేర్పునది స్వల్పము.

కాని మన పాఠశాలలలో బోర్డు కాలినచో సంజాయిషీ ఎవరిది? వస్తువు స్టాకు రిజిస్టరున కెక్కినది. తనిఖీనాడు అంకె సరిపోవలెను. కావున ఉపాధ్యాయుడు బీరువాకు తాళము వేసినచో ఆయనను నిందించుట న్యాయము కాదు. దోషము మనిషిది కాదు, లెక్కవ్రాతది. సుద్దముక్క అరిగెనని ఏ ఉపాధ్యాయునైనను సంజాయిషీ యడిగిన తనిఖీదారుడు కలడా? బోర్డులు, సెన్సారులు, చిన్న మోటారులు సుద్దముక్కలవలె వాడుకలో తరుగు సామగ్రిగా పరిగణింపబడవలెను. అంతవరకు శాలలు పదివేలైనను, అరువదివేలైనను ఫలము స్వల్పమే.

2016లో బ్రిటనునందు బీబీసీవారు ‘మైక్రోబిట్’ అను బోర్డును ఏడవ సంవత్సరపు విద్యార్థులకు సుమారు పదిలక్షలమందికి ఉచితముగా పంచిరి. అందలి విశేషము సంఖ్య కాదు. బోర్డు పాఠశాల సొత్తు గాక పిల్లవాని సొత్తాయెను. ఇంటికి గొనిపోవచ్చును, పాడుచేసికొనవచ్చును, బాగుచేసికొనవచ్చును. మన ప్రణాళికలో ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయలవరకు సహాయ మేర్పరుపబడినది. ఒక బండికి వలయు సామగ్రి యంతయు రమారమి వేయి, పదునైదువందల రూపాయలలో సమకూరును. అందొక భాగముతో పిల్లల కిండ్లకు బోర్డుల నిచ్చినచో శాల గోడలు ఊరంత విశాలమగును.

ఇది దుర్వ్యయమని కొందరనవచ్చును. ఊనో బోర్డులలో చిప్పును పెరికి మార్చుకొనదగినవి కలవు. కాలిన చిప్పును తీసి క్రొత్తదానిని గ్రుచ్చుటయే ఒక పాఠము. విదేశవస్తువునకు మన ధన మేల యనువారును కలరు. ఈ యాక్షేపణ త్రోసిపుచ్చదగినది కాదు. ఆర్డునో సంస్థను తాము కొననున్నామని అమెరికాలోని క్వాల్‌కామ్ కంపెనీవారు 2025 అక్టోబరులో ప్రకటించిరి. వెల్లడియైన పాత పటములు లోకమున నిలుచును. అయినను ఒకే పేరుపై ఆధారపడుట వివేకము కాదు. మన సీడాక్ సంస్థవారు తేజస్-32 చిప్పుతో ‘ఏరీస్’ బోర్డులను రూపొందించిరి. వానికి ఆర్డునో సాఫ్ట్‌వేరుతోనే ప్రోగ్రాము వ్రాయవచ్చును. ఆర్డునోపై చేయితిరిగినవానికి ఏరీస్ క్రొత్త గాదు. దేశీయమైన చిప్పు కావలెనన్నచో దానిని వాడనేర్చిన చేతులు ముందుగా కావలెను.

కావున మేము కోరునవి రెండే. తరుగు సామగ్రి నిబంధనను విద్యాశాఖలవారు స్పష్టముగా వ్రాసి ప్రతి ప్రధానోపాధ్యాయునకు పంపుదురు గాక. తనిఖీకి వచ్చువారు బీరువాలోని బోర్డులతోబాటు కాలిన బోర్డులనుగూడ లెక్కింతురు గాక. ఏడాది గడచినను ఒక్కటియు కాలని శాలలో పిల్లలచేత పని జరిగినదా యని వారు మొదట విచారింపవలసియున్నది.