పులి వచ్చెనన్న కేక

'నాన్నా, పులి!' యను కేక వేసిన బాలుని కథ తెలియని తెలుగువాడుండడు. రెండుమారులు పరిహాసమునకై కేక వేసెను, తండ్రి పరుగెత్తి వచ్చెను, పులి లేదు. మూడవమారు నిజముగనే పులి వచ్చినది. కేక వినబడినను తండ్రి కదలలేదు. ఈ కథ చెప్పు పెద్దలెల్లరును బాలుని యబద్ధమును నిందించి యంతటితో ముగింతురు. తండ్రి తప్పిదమును గూర్చి పలుకువారరుదు. మొదటి రెండుమారులు నాతడు విచారింపక పరుగెత్తెను. మూడవమారు విచారింపక కూర్చుండెను. విచారణ లేమియే యా యింటిని చెరచినది.

జాతుల చరిత్రమును నిట్టిదే. 'దేశమునకు ముప్పు వచ్చినది' యని యధికారపీఠమునుండి కేక వినబడినప్పుడు, దానిని పరీక్షించుటకొక పద్ధతి నేర్పరచుకొనని ప్రజ ఒకనాడు లేని పులికి భయపడి స్వాతంత్ర్యమును గోల్పోవును. మరియొకనాడు ఉన్న పులిని గుర్తింపక భూమిని గోల్పోవును. మన భారతజాతి యీ రెండు నష్టములను ననుభవించినది. కావున ఈ విషయమును పండితులకు విడిచి మనము నిశ్చింతగా నుండ వీలులేదు.

ఆపద యననేమి? అంతర్జాతీయ సంబంధములను శాస్త్రముగా నభ్యసించువారిలో పలువురు చిరకాలము దీనికి సులభమైన సమాధానమునే చెప్పుచుండిరి. పొరుగు రాజ్యమునకు సైన్యమెంత, ఫిరంగులెన్ని, విమానములెన్ని యని లెక్కించి, ఆ లెక్కయే యాపద యనిరి. 1987లో అమెరికా పండితుడు స్టీఫెన్ వాల్ట్ ఈ లెక్కను సవరించెను. బలమొక్కటియే చాలదు, ఆ బలము మనకెంత సమీపమున నున్నది, దండెత్తుటకు తగినదా కాదా, దాని యేలికల యుద్దేశమెట్టిది యను నంశములను గూడ చూడవలెనని యాతని వాదము. ఇది లోకానుభవమునకు సరిపోవుచున్నది. బ్రిటను చేత అణ్వస్త్రములున్నవని అమెరికాకు నిద్ర చెడుట లేదు. ఉత్తర కొరియా చేత నున్నవన్న కలవరపడుచున్నది.

అయితే ఉద్దేశమును కొలుచు త్రాసెక్కడ? 1952లోనే ఆర్నాల్డ్ వుల్ఫర్స్ అను పండితుడు భద్రతకు రెండు ముఖములు గలవని హెచ్చరించెను. నిజముగా ముప్పు లేకుండుట యొకటి. ముప్పు గలదన్న భయము లేకుండుట వేరొకటి. ఈ రెండును సర్వదా కలిసి నడువవు. అంతకు రెండేండ్ల ముందు జాన్ హెర్జ్ మరియొక చిక్కును చూపెను. ఒక రాజ్యము తన రక్షణకై కట్టుకొన్న కోట పొరుగువానికి దండయాత్రకు సన్నాహముగా గన్పట్టును. వాడును కోట కట్టును. దానిని జూచి మొదటివాని భయము రెట్టించును. దుర్మార్గుడెవడును లేకయే ఇరువురును ఆయుధములు పెంచుకొందురు. 1998 మే నెల 11, 13 తేదీలలో మనము పోఖ్రాన్‌లో అణ్వస్త్రములను పరీక్షించితిమి. ఆ నెల 28, 30 తేదీలలో పాకిస్తాను పరీక్షించెను. భద్రతకొరకే చేసితిమని ఇరుపక్షములును జెప్పినవి. మరుసటి యేడే కార్గిల్ కొండలపై మన యువకుల నెత్తురు పారినది.

ఈ విచారము 1990వ దశకమున డెన్మార్క్ దేశమందు క్రొత్త మలుపు తిరిగినది. ఓలే వేవర్, బ్యారీ బుజాన్, యాప్ ద విల్డె యను మువ్వురు కలిసి 1998లో ప్రకటించిన గ్రంథము దీనికి మూలము. కోపెన్‌హేగన్ సంప్రదాయమని లోకము దీనిని వ్యవహరించుచున్నది. న్యాయస్థానములలో దినదినము మాటలతో వ్యవహరించు నా వంటి వకీలుకు వీరి సిద్ధాంతము సులభముగా బోధపడును. న్యాయాధిపతి 'ముద్దాయి నిర్దోషి' యన్నంతనే వాడు విడుదల పొందుచున్నాడు. ఆ మాట యొక వార్తను దెలుపుటతో నాగదు. ఒక కార్యమును జేయును. అట్లే పాలకుడు 'ఇది దేశభద్రతకు సంబంధించిన విషయము' అన్నప్పుడు ఆ మాటయే యొక కార్యమని వీరు చెప్పుచున్నారు. అది ప్రజలు సమ్మతించిన మరుక్షణమున ఆ విషయము సామాన్య రాజకీయముల నుండి తొలగిపోవును, చర్చ యాగును, నియమములు సడలును, అసాధారణాధికారములు పుట్టును. దీనినే భద్రతీకరణమనవచ్చును.

ఈ పండితులు పులి లేదనలేదు. పులి యున్నదో లేదో తేల్చుట వేరు, కేకకు గల శక్తిని గుర్తించుట వేరు. కేక వేసినవాడెవడు? దేనిని రక్షింపుమని కేక వేయుచున్నాడు? వినువారెవరు, వారేల సమ్మతించిరి? వీరు మనకందించిన ప్రశ్నలివి.

1964 ఆగస్టు 4వ తేదీన టోంకిన్ సింధుశాఖలో తమ యోడలపై రెండవమారు దాడి జరిగెనని అమెరికా ప్రభుత్వము చాటెను. మూడు దినములలో యుద్ధాధికారమును అధ్యక్షునికిచ్చు తీర్మానము ప్రతినిధిసభలో 416 మంది యనుకూలతతో, ఒక్క వ్యతిరేకపు వోటు లేకుండ నెగ్గెను. సెనేటులో 88 మంది యౌననగా, కాదన్నవారిద్దరే. ఆ రెండవ దాడి జరుగనే లేదని యాదేశపు గూఢచారశాఖ వారి చరిత్రకారుడే వ్రాసిన గ్రంథభాగము 2005లో వెలువడినది. అప్పటికి యుద్ధము ముగిసి ముప్పదియేండ్లు. చనిపోయిన యమెరికా సైనికులు 58,000 మందికి పైగా. వియత్నాము ప్రజల చావులు లక్షలకొలది. 2003 ఫిబ్రవరి 5వ తేదీన ఇరాకు చేత వినాశకాయుధములున్నవని భద్రతామండలిలో మరల నట్టి కేకయే వినబడెను. యుద్ధము జరిగెను. 2004లో అమెరికా పంపిన పరిశోధకబృందమే ఆ యాయుధముల నిలువలు లేవని నివేదించెను.

పరదేశములను నిందించి మురియనేల? 1975 జూన్ 25వ తేదీ రాత్రి మన దేశమున వినబడిన కేక యేమి? ఆంతరంగిక కల్లోలముచే భారతదేశ భద్రతకు ముప్పు గలదని. రాష్ట్రపతి సంతకము రాత్రియే జరిగెను. మంత్రివర్గమునకు ఆ సంగతి మరునాటి యుదయమున గాని తెలియదు. వినవలసిన తొలి సభయే వినకమునుపు కేక శాసనమైనది! వేలకొలది దేశభక్తులు విచారణ లేక చెరసాలల పాలైరి. నిర్బంధితుడు కోర్టు తలుపు తట్ట వీలులేదని 1976 ఏప్రిల్ 28వ తేదీన సుప్రీముకోర్టు న్యాయాధిపతులలో నలుగురు తీర్పు చెప్పగా, హెచ్.ఆర్. ఖన్నా యొక్కరే భిన్నాభిప్రాయము వ్రాసిరి. ఆ తీర్పు తప్పని తొమ్మిదిమంది న్యాయాధిపతులు చెప్పునప్పటికి 2017వ సంవత్సరము వచ్చినది.

ఇచట మన పాఠకులు గర్వింపదగిన విషయమొకటి కలదు. కోపెన్‌హేగన్ సంప్రదాయ పండితులు గ్రంథము వ్రాయుటకు ఇరువదియేండ్లు ముందే, ఆ ప్రశ్నలను మన పార్లమెంటు అనుభవముచే నేర్చి 1978లో 44వ సవరణముగా రాజ్యాంగమున లిఖించినది. 'ఆంతరంగిక కల్లోలము' అను సాగుడుమాట పోయి 'సాయుధ తిరుగుబాటు' వచ్చెను. మంత్రివర్గ నిర్ణయము వ్రాతమూలకముగా నందిన గాని రాష్ట్రపతి ప్రకటింపరాదు. నెలలోపల నుభయసభలును ప్రత్యేకాధిక్యముతో నంగీకరింపవలెను. ఆరునెలల కొకమారు మరల నంగీకారము పొందవలెను. ప్రాణస్వాతంత్ర్యముల హక్కును ఎట్టి యాపదయందును నిలిపివేయరాదు. కేక వేయువాడెవడు, వినువారెవరు, ఎంతకాలము చెల్లును అను ప్రశ్నలకు ఇంతకంటె చక్కని సమాధానము మరెక్కడ గలదు?

ఇంతవరకు చదివినవారిలో కొందరు, 'అయ్యా, కేకలన్నియు బూటకములేనా? శత్రువులు లేరా?' యని యడుగవచ్చును. లేకేమి! 1950 నవంబరు 7వ తేదీన సర్దార్ పటేలు ప్రధానమంత్రికి లేఖ వ్రాసి, టిబెట్టులో చైనా సైన్యము ప్రవేశించుటచే మన యుత్తరపు సరిహద్దునకు క్రొత్త ముప్పు వచ్చినదని వివరించిరి. అది యధికారముకొరకు వేసిన కేక కాదు. మరునెలలోనే యాయన కన్నుమూసిరి. ఆ హెచ్చరికకు తగిన సన్నాహము జరుగలేదు. 1962 అక్టోబరు 20వ తేదీన పులి వచ్చినది. ఆ పరాజయమును విచారించి హెండర్సన్ బ్రూక్స్, భగత్ యను సేనానులు సమర్పించిన నివేదికను అర్ధశతాబ్దము గడచినను ప్రభుత్వము ప్రజల ముందుంచలేదు. రహస్యము పేర కేకను నిదర్శనము లేక నమ్ముమందురు. అదే రహస్యము పేర, విననందుకు జరిగిన నష్టమును గూడ దాతురు. మొదటిమారు పరుగెత్తిన తండ్రియు, మూడవమారు కూర్చుండిన తండ్రియు నొక్కడేయని మొదటనే చెప్పితిమి గదా!

పులి నిజముగా వచ్చినప్పుడు సైతము మరియొక ప్రశ్న మిగిలియుండును: రక్షింపవలసిన దేది? 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు మన విశాఖపట్టణముపైన, కాకినాడపైన బాంబులు వేసినవి. ముప్పు కల్పితము కాదు. ఆ ముప్పునకు జంకి వంగదేశపు తీరమున బ్రిటిషు ప్రభుత్వమేమి చేసెను? శత్రువునకు దక్కరాదని పల్లెల ధాన్యమును దరలించెను. పదిమంది నెక్కించుకొనగల పడవలను వేలకొలది స్వాధీనము చేసికొనుటయో నాశనము చేయుటయో జరిగెను. పడవయే బండియు, పడవయే జీవనమునైన నేల యది. జపాను సేన వంగతీరమున దిగలేదు. 1943లో కరవు దిగినది. తుపాను, ధరల పెరుగుదల, బర్మా బియ్యము రాకపోవుట మున్నగు కారణములును దానికి గలవు. కాని పడవలు పోయిన బెస్తవాని యాకలికి శత్రువు బాధ్యుడు కాడు. ప్రభుత్వ విచారణసంఘము మృతుల సంఖ్య 15 లక్షలనెను. తరువాతి పండితులలో కొందరు 30 లక్షల వరకు జెప్పిరి. రాజ్యము సురక్షితము; ప్రజ శవము! 1994లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి నివేదికయందు మహబూబ్ ఉల్ హక్ మొదలగువారు మానవభద్రత యను భావమును ప్రతిపాదించి, అన్నము, ఆరోగ్యము, జీవనోపాధి గూడ భద్రతయే యని చాటిరి. వంగదేశపు పల్లెవాడు ఆ సత్యమును అర్ధశతాబ్దము ముందే ప్రాణములిచ్చి నిరూపించియుండెను.

ఇక నేటిమాట. అత్యవసరస్థితికి మనము గట్టి కట్టుబాట్లు చేసికొంటిమి. కాని ముందుజాగ్రత్త నిర్బంధమను చిన్న ద్వారము తెరచియే యున్నది. 1919లో రౌలటు చట్టము వచ్చినప్పుడు 'వకీలు లేడు, దలీలు లేదు, అప్పీలు లేదు' అని దేశమంతయు నినదించినది. ఆ యాందోళనమునందే జలియన్‌వాలాబాగు నేల తడిసినది. 1980 నాటి జాతీయ భద్రతాచట్టమును తెరచి చూడుడు. నేరము రుజువు కాకయే పండ్రెండు నెలలు నిర్బంధింపవచ్చును. ప్రజాహితమునకు భంగమని తలచిన సంగతులను నిర్బంధితునకు దెలుపనక్కరలేదు. సలహాసంఘము నెదుట వకీలును నిలుపుకొను హక్కు వానికి లేదు. మన చేతులతో మనము చేసికొన్న చట్టమైనంత మాత్రమున ఈ లోపములు గుణములగునా?

దేశభద్రతను తేలికగా చూచువాడను గాను. దేశమే లేకున్న హక్కులకు నిలువనీడ యెక్కడ? నా కోరిక యల్పమైనది. దొంగిలించిన రాగిచెంబుకు సైతము సాక్ష్యమడుగు మన ధర్మము, పౌరుని యేడాది బ్రతుకును గైకొనునప్పుడు సాక్ష్యమేల యడుగదు? రహస్యమును బజారున బెట్టుమని యనుట లేదు. న్యాయాధిపతి యెదుట బెట్టుడు. నిర్బంధితుని పక్షమున నొక వకీలును మాటలాడనిండు. గడువు ముగిసిన పిదప నివేదికను పార్లమెంటు ముందుంచుడు. 352వ యధికరణమునకు బెట్టిన కట్టుబాట్లనే ఈ చిన్న ద్వారమునకును బెట్టుడు.

పాఠకమహాశయులారా! ఇకమీద ఆపద యను మాట వినబడినప్పుడు పరిహసింపకుడు, పరుగెత్తకుడు. కేక వేసినవానిని అడుగు జాడలు చూపుమనుడు. నిజముగా పులిని జూచినవాడు ఆ ప్రశ్నకు కోపింపడు. మీ చేయి పట్టుకొని జాడలున్న చోటికి దానే తీసికొనిపోవును.