వేటకుక్కకు ఏదుముండ్లు

ఏదుపంది తన ముండ్లను బాణములవలె విసరునని మన హోసూరు, డెంకణికోట ప్రాంతములలో పలువురు నేటికిని నమ్ముచున్నారు. అది నిజము కాదు. శత్రువునకు వీపు చూపి, ముండ్లు నిక్కబొడిచి, వెనుకకే వేగముగా వచ్చి తాకును. వదులుగా నున్న ముండ్లు ఊడి కుక్క మూతిలోను, మెడలోను, ఱొమ్ములోను దిగబడి యుండిపోవును.

ముల్లును సగమునకు కత్తిరించిన గాలి పోయి సులభముగా ఊడిరాగలదనుట మఱియొక భ్రమ. కత్తిరించిన ముల్లు చీలును, పట్టు దొరకదు, మొన లోపల నిలిచి చీము పట్టించును. ఒక్కొక్కప్పుడు మాంసములో ఇంకను లోతునకు సాగిపోవును. కుక్క కాలితో మూతిని రాచుకొనకుండ పట్టుకొని, ఆనాడే పశువైద్యునియొద్దకు గొనిపోవలెను. మత్తు ఇచ్చి తీయుటయే మేలు. కంటిదగ్గఱ, గొంతులో, ఱొమ్మున నాటినవానిని ఇంటిలో ముట్టనేరాదు. మనము మ్రింగు నొప్పిమాత్రలును వేయరాదు.

అయినను, మేమెఱిగినంతలో, గొనిపోవువారు అరుదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఏదుపంది వేటను నిషేధించినది. ఆసుపత్రిలో ప్రశ్నింతురేమోయని భయము. వేటను మేము సమర్థింపము. వేరుసెనగ చేను పాడైన రైతు బాధ యెఱుగుదుము. దానికి కంచె వేయవలెనేకాని కుక్కను ఉసికొల్పరాదు. ఉసికొల్పినవాని తప్పునకు కుక్క కొట్టములో మూల్గుచు పడియుండుట ఏమి న్యాయము?

కొందఱికి భాషయు నడ్డము. ఏదుపందిని తమిళమున ముళ్ళంబన్ఱి యందురు. తండ్రికి ఆ మాట రాకున్న, బడిలో తమిళము చదువు బిడ్డ వెంటబోయి చెప్పవచ్చును. ఎన్ని ముండ్లు గ్రుచ్చుకొన్నవో, ఎన్ని విఱిగినవో ఆ లెక్కయు వాడే చెప్పవలెను.