వలస వచ్చినవాడు మనకు పోటీయా?



మన ప్రాంతంలో ‘వలస’ అనేది ఊరి పేరు. కొత్తవలస, పాలవలస, బూర్జవలస... విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పటం తెరిస్తే ఇలాంటి పేర్లు ఎన్నో కనబడతాయి. ఎక్కడినుంచో బతకడానికి వచ్చి గుడిసె వేసుకున్నవాళ్ళ గుర్తుగా మిగిలిన పేర్లు ఇవి. అలాంటి పేరున్న ఊళ్ళోనే ఒక మాట తరచుగా వినబడుతోంది. “ఒరిస్సావాళ్ళు, బీహారువాళ్ళు వచ్చి మన కుర్రాళ్ళ పనులు పట్టుకుపోతున్నారు” అని. టీ కొట్టు దగ్గర, షేర్ ఆటోలో, చివరికి మన హాస్టలు గదుల్లో కూడా ఈ మాట నడుస్తోంది. ఈ వార్షికోత్సవ సంచికలో దాని గురించే నాలుగు మాటలు చెప్పదలచాం.

ముందు రెండు వార్తలు గుర్తు చేసుకుందాం. 2025 ఫిబ్రవరిలో అమెరికా మన దేశస్థులను చేతులకు సంకెళ్ళు వేసి సైనిక విమానంలో తిప్పి పంపింది. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. మనందరికీ కోపం వచ్చింది. కష్టపడి పనిచేసేవాణ్ణి ఇలాగా చూసేది అన్నాం. ఆ కోపం న్యాయమైనదే. కాని అమెరికాలో ఉన్న మనవాడికి ఒక న్యాయం, మన ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డ కొరాపుట్ కుర్రాడికి మరో న్యాయం ఎలా ఉంటుంది?

ఈ ప్రశ్నకు జవాబు మన ముత్తాతలు వెళ్ళిన ‘రంగం’లో ఉంది. రంగం అంటే రంగూన్, బర్మా దేశపు రేవు పట్టణం. పందొమ్మిదో శతాబ్దం చివరినుంచి గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల బీదవాళ్ళు వేలకు వేలు ఓడలెక్కి అక్కడికి వెళ్ళారు. మన విజయనగరం, శ్రీకాకుళం అప్పటికి వేరే జిల్లాలు కావు. కరువు, భూమి లేకపోవడం, అంటరానితనం వెనకనుంచి తరిమితే, మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు ముందునుంచి లాగింది. ఆ అడ్వాన్సు తీరేదాకా కూలి మేస్త్రీ చేతిలోనే ఉండేది. రంగం రేవులో బియ్యం బస్తాలు మోసిందీ, మిల్లుల్లో పనిచేసిందీ, రిక్షాలు లాగిందీ, వీధులు ఊడ్చి పాకీ పని చేసిందీ ఎక్కువగా మనవాళ్ళే. కోరంగి రేవు పేరుమీద అక్కడ తెలుగు కూలీని ‘కోరంగి’ అని పిలిచేవారు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు సుమారు 10 లక్షలు. అందులో తెలుగువాళ్ళు లక్షన్నరకు పైనే. రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే.

ఒక్కసారి బర్మావాడి వైపు నుంచి కూడా చూద్దాం. తన ముఖ్య పట్టణంలో తానే తక్కువమంది అయ్యాడు. 1930 తర్వాత ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి అప్పులు తీర్చలేకపోయేసరికి, దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో సుమారు నాలుగో వంతు భూమి 1938 నాటికి వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతికి వెళ్ళిపోయింది. కూలీలను రప్పించుకున్నవి ఇంగ్లీషు ప్రభుత్వమూ, కంపెనీలూ. బర్మావాణ్ణి ఎవరూ ఒక మాట అడగలేదు. కాబట్టి అతని బాధ నిజమైనదే. మరి ఆ బాధంతా పోయి ఎవరి నెత్తిన పడింది?

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. సరుకు దింపించే కంపెనీలు బర్మా కూలీలను తెచ్చి పని నడిపించుకున్నాయి. సమ్మె రాజీ కాగానే తెలుగువాళ్ళను వెనక్కి పిలిచి, బర్మావాళ్ళను ఇక పొమ్మన్నాయి. మే 26న రేవులో మొదలైన కొట్లాట పట్టణమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది మన తెలుగు కూలీలే. పని పోయిన కూలీ పని దొరికిన కూలీని చంపాడు. ఇద్దరి చేతా మూటలు మోయించుకున్నవాడికి ఏమీ కాలేదు. మిత్రులారా, వలసల చర్చ ఎక్కడ జరిగినా మనం గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే.

1938లో మళ్ళీ అల్లర్లు జరిగాయి. ఆ తర్వాత జేమ్స్ బాక్స్‌టర్ అనే అధికారి చేత ప్రభుత్వం విచారణ చేయించింది. భారతీయ కూలీలు బర్మావాళ్ళ పనులు లాక్కోలేదనీ, వాళ్ళ పనికి తోడుగానే వచ్చి చేరారనీ ఆయన నివేదిక తేల్చింది. అది అచ్చయింది 1941లో. అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది.

మరో సంగతి ఉంది. మనవాళ్ళు బయల్దేరినప్పుడు పరాయి దేశానికి వెళ్ళలేదు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. 1937 ఏప్రిల్ 1న దాన్ని విడదీశారు. బస్తా మోస్తున్న మనిషి అక్కడే ఉన్నాడు, సరిహద్దు వచ్చి అతని కాళ్ళ ముందు పడింది. 1941 డిసెంబరు 23న జపాన్ రంగూన్ మీద బాంబులు వేసింది. లక్షలమంది అడవుల్లో, కొండల్లో కాలినడకన ఇండియాకు బయల్దేరితే వేలాదిమంది దారిలోనే రాలిపోయారు. మిగిలినవాళ్ళు కొందరు యుద్ధం తర్వాత అక్కడే స్థిరపడ్డారు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. దుకాణాలను ప్రభుత్వపరం చేసింది. 1964 మేలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవంది. లక్షలమంది భారతీయులు ఉత్త చేతులతో ఓడలెక్కారు. విశాఖపట్నం కంచరపాలెంలో ఉన్న బర్మా క్యాంపు ఆ రోజుల గుర్తే.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. రంగం దారి మూసుకుపోయినా మన వలస ఆగలేదు. హైదరాబాదు, విజయవాడ, చెన్నై అంటూ దారి మారిందంతే. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినప్పుడు, హైదరాబాదులో తాపీ పని చేసుకుంటున్న మనవాళ్ళు నిద్ర లేచేసరికి వేరే రాష్ట్రంలో ఉన్నారు. అదే నెల 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్ళలో మన రెండు జిల్లాల కూలీలు ఎందరో ఉన్నారు. 2020 లాక్‌డౌన్‌లో గుజరాత్‌లోని వేరావల్ రేవులో మన మత్స్యకారులు వేలమంది పడవల్లోనే చిక్కుకుపోయారు. ఈ హాస్టల్లో చదివిన మాలో కొందరి తల్లిదండ్రులు ఏడాదికి రెండు పండగలకే ఇంటికి వచ్చేవారు. వాళ్ళు పంపిన డబ్బే మా పుస్తకాలు, మా పరీక్ష ఫీజులు. వాళ్ళు పరాయి ఊరికి బరువు కాలేదు. ఆ ఊళ్ళో మేడలు కట్టారు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. కొత్తవలస జంక్షన్‌లో రెండు దారులు కలుస్తాయి. మెయిన్ లైన్ మీద మనవాళ్ళు చెన్నై వైపు వెళతారు. ఇక్కడినుంచి అరకు, కొరాపుట్, జగదల్‌పూర్ మీదుగా కిరండూల్ దాకా పోయే లైను మీద అక్కడివాళ్ళు పనికోసం కిందికి దిగుతారు. ఒకే ప్లాట్‌ఫారం మీద ఒకరు వెళుతుంటారు, మరొకరు వస్తుంటారు. ఇద్దరి సంచిలోనూ ఉండేది ఒక దుప్పటి, ఒక ఫోన్ ఛార్జరు, కాస్త అటుకులు.

“మరి మన నిరుద్యోగుల మాటేమిటి?” అని మీరడగవచ్చు. అడగాలి కూడా. ఫ్యాక్టరీకి భూమి ఇచ్చిన ఊరి కుర్రాడు ఆ గేటు బయటే నిలబడి ఉంటే అది అన్యాయం. 2019లో మన రాష్ట్రం పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. హర్యానా చేసిన ఇలాంటి చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023 నవంబరులో కొట్టివేసింది. ఎందుకంటే దేశంలో ఎక్కడికైనా వెళ్ళి, ఎక్కడైనా ఉండి, ఏ వృత్తయినా చేసుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం మనకు ఇచ్చింది. కట్టుబాట్ల ఊరు విడిచి వెళ్ళగలగడం మన తాతలకు కూలి డబ్బు మాత్రమే కాదు, తల ఎత్తుకుని నడవడం కూడా. బాబాసాహెబ్ ముందుండి రాసిన రాజ్యాంగంలో ఆ హక్కు ఉందంటే దాని విలువ ఈ హాస్టలు పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇవాళ కొరాపుట్ వాడి దగ్గర ఆ హక్కు లాక్కుంటే, రేపు చెన్నైలో మన అన్న దగ్గర లాక్కోవడానికి మనమే దారి చూపినట్లవుతుంది.

అసలు కిటుకు మరోచోట ఉంది. స్థానికుణ్ణి కాదన్న కాంట్రాక్టరు బయటివాణ్ణి ప్రేమకొద్దీ పెట్టుకోడు. బయటివాడు పన్నెండు గంటలు పనిచేస్తాడు, పండక్కి సెలవడగడు, యూనియన్‌లో చేరడు, దెబ్బ తగిలితే అడిగే దిక్కుండదు. ఆ అలుసే కాంట్రాక్టరుకు లాభం. ఇద్దరికీ ఒకే కూలి, ఒకే పని గంటలు, ఒకే పి.ఎఫ్. అయిన రోజున ఆ లాభం పోతుంది. అప్పుడు దగ్గరి ఊరివాణ్ణి తీసుకోవడమే అతనికి సులువు. కాబట్టి స్థానికుడి ఉద్యోగం నిలబడాలంటే బయటివాణ్ణి తరమడం మందు కాదు, బయటివాడి కూలి పెరగడమే మందు. రంగం రేవులో ఆ ఇద్దరు కూలీలు ఒక్కటై ఉంటే కంపెనీ ఎవరిని పొమ్మనగలిగేది?

దేశాల మధ్య సరిహద్దులు ఉండకూడదని మేము అనడం లేదు. ఎవరు వస్తున్నారో లెక్క రాసుకునే హక్కు ఏ దేశానికైనా ఉంది. అయితే పని చేయించుకోవడానికి మనిషిని రప్పించి, అవసరం తీరాక దొంగలా చూడడం ఏ దేశానికీ గౌరవం కాదు.

మిత్రులారా, మన చేతిలో ఉన్న పనులు కూడా ఉన్నాయి. ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు పథకం కింద వేరే రాష్ట్రంలోనూ బియ్యం తీసుకోవచ్చని మన ఊళ్ళో వలస వెళ్ళేవాళ్ళకు చెప్పాలి. 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించాలి. మేస్త్రీ పేరు, పని చేసే చోటు, ఫోన్ నంబరు ఇంట్లో రాయించి పెట్టించాలి. అలాగే మన ఊరికి వచ్చినవాళ్ళ పిల్లలు ఇటుక బట్టీ దగ్గర ఆడుకుంటూ కనబడితే చేయి పట్టుకుని బడికి తీసుకెళ్ళాలి. వాళ్ళకు తెలుగు రాకపోతే నేర్పుదాం. మన తాతలకు బర్మా భాష ఎవరో ఒకరు నేర్పే ఉంటారు.

మన ఇళ్ళల్లో డిగ్రీ చేతబట్టిన మొదటి తరం మనది. రేపు మనలో కొందరు కార్మిక శాఖలో, రెవెన్యూలో, పోలీసులో, బడుల్లో కుర్చీల్లో కూర్చుంటారు. ఆ కుర్చీ ముందుకు మన భాష రాని కూలీ ఒకడు వచ్చి నిలబడతాడు. “నీది ఏ ఊరు?” అన్నది ఎటూ అడుగుతాం. దానికంటే ముందు “నీకు రావలసిన కూలి వచ్చిందా?” అని అడిగే అధికారులం కావాలని కోరుకుందాం.

– పూర్వ హాస్టలు విద్యార్థి, పి.జి. ద్వితీయ సంవత్సరం, కొత్తవలస