నిదానింపవలసిన వేళ, త్వరపడవలసిన వేళ

ధనమును సంపాదించుట ఎంత కష్టమో, సంపాదించిన దానిని కాపాడుకొనుట అంతకంటె కష్టమని పెద్దలు చెప్పుదురు. పూర్వము పల్లెలలో కొందరు ధనమును కుండలలో పెట్టి నేలలో పాతిపెట్టెడివారు. కొందరు రొండిని దోపుకొని తిరిగెడివారు. స్త్రీలు చీరకొంగున ముడివేసికొనెడివారు. దూరముననున్న బిడ్డకు పైకము పంపవలెనన్న, 1880లో మన దేశమున మొదలైన మనియార్డరు పద్ధతియే దిక్కు. తపాలా బంట్రోతు ఇంటి అరుగుపై కూర్చుండి, రూపాయలు లెక్కించి యిచ్చి, సంతకమో వేలిముద్రయో తీసికొని పోయెడివాడు. ఆ పద్ధతి మిక్కిలి మెల్లనిది. కాని ఆ మెల్లదనములోనే ఒక రక్షణ యుండెడిది. ఇచ్చువాడు పుచ్చుకొనువాని ముఖమును చూచెడివాడు. ఆలోచించుకొనుటకు వ్యవధి యుండెడిది.

నేడు ఆ స్థితి మారినది. భారత జాతీయ చెల్లింపుల సంస్థ 2016 ఏప్రిల్ 11వ తేదీన యూపీఐ అను క్రొత్త పద్ధతిని ప్రారంభించెను. ఒక బ్యాంకులోని ఖాతానుండి మరియొక బ్యాంకులోని ఖాతాకు, రాత్రియనక పగలనక, సెలవుదినమనక, ఫోనుద్వారా క్షణములో పైకము పంపుట దీనివలన సాధ్యమయ్యెను. 2025 ఆగస్టు నెల యొక్కదానిలోనే ఈ పద్ధతిని 2000 కోట్లకు పైబడి చెల్లింపులు జరిగెను. 1994లో జపాను దేశమునందు మోటారు వాహనముల విడిభాగములను గుర్తించుటకై కల్పింపబడిన క్యూఆర్ కోడ్ అను నలుపు తెలుపు గళ్ల చదరము, నేడు మన రైతుబజారులలో కొత్తిమీర కట్టల ప్రక్కనను, టీ బండ్లమీదను, ఆటోలలోను కనిపించుచున్నది. చిల్లర కొరకు తగవులాడుట తగ్గినది. ఇది సామాన్యునకు జరిగిన మేలు, దీనిని కాదనరాదు.

అయితే ఈ మేలు వెంట ఒక కీడును వచ్చినది. క్షణములో పంపదగిన పైకమును క్షణములో అపహరింపనువచ్చును. కూతురి పెండ్లికని దాచిన పైకమును, పంట అమ్మగా వచ్చిన పైకమును ఒక్క ఫోను పిలుపుతో పోగొట్టుకొన్నవారు గ్రామములలోను కలరు, నగరములలోను కలరు. దీనిని చూచి కొందరు, "ఈ ఫోను చెల్లింపులే వలదు, మరల నోట్లకే పోవుదము" అందురు. ఇది ఎలుకమీది కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్టి మాట. నోట్ల కాలమున జేబుదొంగలు లేకపోలేదు, దొంగనోట్లు లేకపోలేదు. మరికొందరు, "మోసపోయినవారు తెలివిలేనివారు, వారికి తగిన శాస్తి జరిగినది" అందురు. ఇది మొదటి దానికంటె హానికరమైన మాట. ఎట్లన, మోసము జరుగు విధమును గ్రహించినవారెవ్వరును అట్లు పలుకజాలరు.

ఫోను చెల్లింపునకు తాళము లేకపోలేదు. ఖాతా ఒక్క ఫోను నంబరుతో ముడివడి యుండును. సాధారణముగా నాలుగు లేక ఆరు అంకెల పిన్ అను రహస్యసంఖ్య నొక్కనిదే పైకము కదలదు. మోసగాడు సాధారణముగా ఈ తాళమును పగులగొట్టడు, యజమానిచేతనే తెరపించును. అందులకు వాడు ప్రయోగించు సాధనములు మనుష్యుని గుణములే: భయము, ఆశ, జాలి. ఈ మూడింటిలో దేనిని వాడినను వాని ఉద్దేశ మొక్కటే, ఎదుటివానిని తొందరపెట్టుట. ఆలోచనకు వ్యవధి చిక్కినచో చదువురానివాడును అనుమానించును. వ్యవధి చిక్కనిచో చదువుకొన్నవాడును చిక్కుపడును. "నిదానమే ప్రధానము" అనియు, "ఆలస్యము అమృతమును విషము చేయును" అనియు సామెతలు రెండు కలవు. ఇవి పరస్పర విరుద్ధములుగా తోచును గాని, ఈ విషయమున రెండును సత్యములే. పైకము ఇచ్చుటకు ముందు నిదానము కావలెను. పోయిన తరువాత వేగము కావలెను. మోసగాని నేర్పంతయు ఈ క్రమమును తలక్రిందులు చేయుటలోనే కలదు.

ముందుగా భయమును తీసికొందము. "ఈ రాత్రికి మీ ఇంటి కరెంటు తీసివేయుదుము", "మీ ఖాతా నిలిచిపోవును" అని సందేశములు వచ్చును. కొందరు పోలీసు దుస్తులు ధరించి ఫోను తెరపై కనిపించి, "మిమ్ములను డిజిటల్ అరెస్టు చేసితిమి, ఎవ్వరితోను మాటాడరాదు" అని బెదరింతురు. అట్టి అరెస్టు మన దేశ చట్టములలో ఎక్కడను లేదు. 2024 అక్టోబరు 27వ తేదీన ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగములో ఈ సంగతిని ప్రజలకు వివరించి, అట్టి పిలుపు వచ్చినపుడు ఆగి, ఆలోచించి, ఆపైన చేయవలసినది చేయుడని చెప్పెను. ఎవ్వరితోను చెప్పరాదని శాసించువాడు ఎవ్వడైనను మోసగాడేయని తెలియుటకు వేరు సాక్ష్యము అక్కరలేదు.

ఆశ చేయు పని అందరికి తెలిసినదే. బహుమతి వచ్చినదనియు, ఇంట కూర్చుండి రోజుకు వేలు సంపాదింపవచ్చుననియు చెప్పి, ముందుగా కొంత పైకము పంపుమందురు. జాలి చేయు పని అంతగా తెలియదు. ఒక ఉదాహరణమును చూడుడు. సంతలో కూరలమ్ము ఒక వృద్ధురాలి ఫోనునకు, ఖాతాలో 5000 రూపాయలు జమయైనట్లు ఒక సందేశము వచ్చును. మరుక్షణమే ఒకడు పిలిచి, "అమ్మా! మా తల్లిని ఆసుపత్రిలో చేర్చితిని. అక్కడకు పంపవలసిన పైకము పొరపాటున నీ ఖాతాలో పడినది. నీ కాళ్లు మ్రొక్కెదను, వెంటనే పంపుము తల్లీ!" అని ఏడ్చును. పరుల సొమ్ము పాము వంటిదని నమ్మిన ఆ యమ్మ వెంటనే 5000 రూపాయలు పంపును. నిజమునకు ఆమె ఖాతాలో ఏమియు పడలేదు. ఆ సందేశమును బ్యాంకు పంపలేదు. ఆ ఏడ్చినవాడే పంపినాడు. ఇక్కడ ఆమెను ముంచినది తెలివితక్కువతనము కాదు, నీతి. ఆమెను చూచి నవ్వుట ధర్మమగునా?

ఇట్టివారికి మంచితనమును మానుకొనుమని చెప్పరాదు, నిదానమును నేర్పవలెను. సందేశము వేరు, పైకము వేరు. జమయైనదో లేదో తన ఖాతా తెరచి చూచుకొనవలెను. నిజముగా పొరపాటున పడినదే యైనచో, పంపినవానిని వాని బ్యాంకునకు తెలుపుమని చెప్పి, తన బ్యాంకునకు తాను తెలుపుట న్యాయమైన మార్గము.

నిదానము నభ్యసించుటకు కొన్ని సూత్రములు చాలును. మొదటిది అన్నింటికంటె ముఖ్యము: పిన్ నొక్కుట పైకము ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు కాదు. పైకము వచ్చునని చెప్పి పిన్ నొక్కుమన్నవాడును, కోడును స్కాను చేయుమన్నవాడును మోసగాడే. పూర్వము కొందరు, చెల్లింపు కోరు అభ్యర్థనను పంపి, అది పైకము వచ్చు మార్గమని నమ్మించి పిన్ నొక్కించెడివారు. వ్యక్తికి వ్యక్తి అట్టి అభ్యర్థన పంపు పద్ధతిని జాతీయ చెల్లింపుల సంస్థ 2025 అక్టోబరు 1 నుండి తొలగించెను. ఒక ద్వారము మూసికొన్నంత మాత్రమున దొంగ సన్యసింపడు. కావున సూత్రమును మరువరాదు.

రెండవది, పిన్ నొక్కుటకు ముందు తెరపైనున్న పేరును చదువుట. 2025 జూన్ 30 నుండి, పుచ్చుకొనువాని పేరు బ్యాంకులో ఎట్లున్నదో అట్లే తెరపై చూపవలెనని నియమము. అంగడివాని కోడుపై మోసగాండ్రు తమ కోడును అంటించిపోవుటయు కలదు. అంగడివాడు ప్రతిదినము ఉదయమున తన కోడును సరిచూచుకొనవలెను, కొనువాడు పేరును చదివి, "ఈ పేరు మీదేనా?" అని అడుగవలెను. చెల్లించితినని ఎవరైన ఫోనులోని బొమ్మను చూపినచో, దానిని నమ్మక అంగడివాడు తన ఖాతాను చూచుకొనవలెను.

మూడవది, అపరిచితులు పంపిన వస్తువును ఫోనులోనికి రానీయకుండుట. పెండ్లి శుభలేఖ యనియు, వాహనమునకు పడిన జరిమానా చీటి యనియు వాట్సాప్‌లో ఏపీకే అను దస్త్రములు వచ్చుచున్నవి. వానిని తెరచి ఫోనులో నెక్కించినచో, ఫోనునకు వచ్చు ఓటీపీలను దొంగ చదువగలుగును. సహాయము చేయుదుమని చెప్పి ఫోను తెరను తమకు కనిపించునట్లు చేయు యాప్‌ను పెట్టించుటయు అట్టిదే. బ్యాంకు ఫోను నంబరును అంతర్జాలములో వెదకక, పాసుపుస్తకముమీదనో కార్డుమీదనో చూచుకొనుట క్షేమము.

ఇంతవరకు నిదానము. ఇక వేగము సంగతి. ఎంత జాగరూకుడైనను ఒకప్పుడు మోసపోవచ్చును. అప్పుడు వాని మొదటి శత్రువు దొంగ కాదు, తన సిగ్గే. భర్త భార్యకు చెప్పడు. కోడలు అత్తకు చెప్పదు. విద్యార్థి తండ్రికి చెప్పడు. వీరు సిగ్గుపడుచున్న గంటలలో ఆ పైకము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు, అక్కడనుండి వేరొక ఖాతాకు పోయి, తుదకు నోట్ల రూపమున మాయమగును. అట్లు పోకముందే దానిని నిలుపుటకై కేంద్ర హోం శాఖ 2021లో ఒక ఏర్పాటు చేసినది. 1930 అను సంఖ్యకు ఫోను చేసి మోసమును తెలిపినచో, ఆ పైకము చేరిన బ్యాంకునకు వర్తమానము పోవును. పైకము ఇంకను ఖాతాలో నున్నచో దానిని నిలిపివేయుదురు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను చోటను ఫిర్యాదు చేయవచ్చును. పైకము పోయిన వేళ, మొత్తము, చెల్లింపు సంఖ్య, తన ఖాతా వివరములు సిద్ధముగా నుంచుకొనవలెను. పిన్ మాత్రము ఫిర్యాదులో సైతము ఎవ్వరికిని చెప్పరాదు.

అదే సమయమున బ్యాంకునకును తెలుపవలెను. 2017 జూలై 6వ తేదీన భారత రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులో, ఖాతాదారు తన అజాగ్రత్తవలన నష్టపోయినచో, బ్యాంకునకు తెలుపువరకు కలిగిన నష్టము అతనిదనియు, తెలిపిన తరువాత కలుగు నష్టము బ్యాంకుదనియు చెప్పబడెను. అనగా ఒక్కొక్క నిమిషమునకు ఒక విలువ కలదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట నిష్ప్రయోజనమని సామెత. కాని ఇక్కడ, కాలుచుండగనే కేక వేసినచో చేయి కొంతైనను దక్కవచ్చును.

ఇట్లు ఆలోచించినచో, మోసపోయినవారిని చూచి నవ్వు లోకము దొంగకు సహాయము చేయుచున్నదని తేలుచున్నది. ఇంటిలో తిట్లు తప్పవని భయపడినవాడు నోరు విప్పడు. వాడు నోరు విప్పని ప్రతి గడియయు దొంగకు లాభము. "ఇట్లెట్లు మోసపోయితివి?" అని అడుగుటకు ముందు "1930కు చెప్పితివా?" అని అడుగు ఇల్లు సురక్షితమైన ఇల్లు.

బాధ్యత ఖాతాదారునిది మాత్రమే కాదు. ఫిర్యాదు నందిన బ్యాంకు జాప్యము చేయరాదు. కొద్దిపాటి పైకమునకు ఆశపడి తమ ఖాతాను ఇతరులకు అప్పగించు యువకులు, దొంగసొమ్మునకు దారి యిచ్చుచున్నారని తెలిసికొనవలెను. అట్టివారిపై కేసులు పెట్టి అరెస్టు చేయుటయు జరుగుచున్నది.

ఈ కార్యమున బాలబాలికల పాత్ర చిన్నది కాదు. నేటి ఇండ్లలో ఫోను సంగతులు తాతలకంటె మనుమలకే ఎక్కువ తెలియును. విద్య గలవాడు దానిని వేళాకోళమునకు వాడుట తగదు. నాయనమ్మ ఒకే సంగతిని పదిమారులు అడిగినను, పదిమారులు ఓర్పుతో చెప్పవలెను. ఆమె చేతిలోని ఫోనును లాగికొని తానే చేసివేయుట సహాయము కాదు. పిన్ ఎప్పుడు నొక్కవలెనో, పేరు ఎట్లు చదువవలెనో ఆమెచేతనే చేయించి చూపవలెను. 1930 అను సంఖ్యను గోడమీది కాలెండరుపై పెద్ద అక్షరములతో వ్రాసిపెట్టవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, ఏ పొరపాటు జరిగినను భయపడక వెంటనే తనతో చెప్పవచ్చునను నమ్మకమును ఆమెకు కలిగింపవలెను. ఆ నమ్మకమున్న ఇంట దొంగకు వ్యవధి చిక్కదు.