జిల్లేడు పొదలను నఱికింపవలెనా?

పాఠశాల ఆవరణమునందలి జిల్లేడు పొదలను వేళ్లతో పెల్లగింపవలెనని కొందఱు తలిదండ్రులు కోరుచున్నారు. వారి భయము నిర్హేతుకము కాదు. అయినను మేమా కోరికతో ఏకీభవింపజాలము. బడిలో నఱికినంత మాత్రమున పొలముగట్లమీదను, బాటల ప్రక్కను జిల్లేడు మొలవక మానునా?

మన పల్లెలలో ఈ మొక్కకు గల మన్నన సామాన్యమైనది కాదు. రథసప్తమినాడు హిందూ సోదరులు దీని యాకులను శిరస్సున నుంచుకొని స్నానము చేయుదురు. కీళ్లు వాచినవారికి అవ్వలు ఆకునకు ఆముదము రాచి, వెచ్చజేసి కట్టుదురు. కాలిలో ముల్లు విఱిగినచో పాలచుక్క వేయుదురు. 1868లో వేరింగ్ అను వైద్యుడు కూర్చిన భారతదేశపు ఔషధ గ్రంథమునందును దీని వేరు బెరడునకు చోటు దొరకెను. కావున నాటువైద్యమని నవ్వి త్రోసివేయుట మాకు సమ్మతము గాదు.

కాని ఆకుకట్టు వేఱు, పాలు వేఱు. ఈ పాలలో కలోట్రోపిన్ మొదలగు విషములు గలవు. అవి గుండెమీద పనిచేయునవి. ఇంగ్లండులో విలియం విదరింగ్ అను వైద్యుడు, ఒక ముసలమ్మ నీరువాపునకిచ్చు మందును గూర్చి 1775లో విని, అందలి మూలికలలో పనిచేయునది డిజిటాలిస్ అని గుర్తించెను. దానిని పదియేండ్లు పరీక్షించి, మోతాదు నేర్పఱచి, 1785లో గ్రంథము ప్రకటించెను. ఆ మొక్క విషమును ఈ తెగకు చెందినదే. ముసలమ్మ యెఱుక వ్యర్థము కాలేదు. దానికి కొలత తోడైనది. పంటిపోటునకు జిల్లేటి పాలు పిండువారి చేతిలో ఏ కొలత యున్నది?

అంతకంటె మమ్ము కలవరపెట్టునది కన్ను. పిల్లలు జిల్లేటి మొగ్గలను చిటుక్కుమనిపించి యాడుకొని, ఆ వ్రేళ్లతోనే కన్ను నులుముకొందురు. పాలు కంటబడినపుడు పలుమాఱు నొప్పి యంతగా నుండదు; పిమ్మట నల్లగ్రుడ్డు మీది తేటపొర ఉబ్బి చూపు మసకబాఱును. నొప్పి లేదు గదా యని యూరకుండుటయే ప్రమాదము. తత్‌క్షణమే మంచినీటితో పావుగంటకు తక్కువగాకుండ కడిగి, ఆ దినమే కంటి వైద్యునొద్దకు గొనిపోవలెను. పసరులు, చనుబాలు పోయరాదు. సకాలమున చికిత్స జరిగినచో చూపు చాలవఱకు మరల వచ్చును.

పొదలు మాత్రము ఉండనిండు. ఆ యాకులను దినుచున్న చారల గొంగళిపురుగులు నారింజవన్నె సీతాకోకచిలుకలగును. తిన్న విషమే వానికి పక్షులనుండి రక్ష. జూన్ మాసమున బడి తెఱచిన వారమే ఆఱవ తరగతివారిని అచటికి గొనిపోయి, ఆకు త్రుంపి పాలు చూపి, చేతులు కడిగింతుము. ఆనాడు తల్లులును అవ్వలును వచ్చి, తమ యిండ్లలో జిల్లేడును దేనికి వాడుదురో చెప్పినచో వ్రాసికొందుము.