జడ్జి కొలువు.. జీతం ఘనమే, మరి ఆ మూడేళ్లు గడిచేదెలా?

లా చదివినవారిలో జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు క్రేజ్ మామూలుగా ఉండదు. రెండో జాతీయ న్యాయ వేతన కమిషన్ సిఫార్సుల ప్రకారం ప్రారంభ మూల వేతనమే రూ.77,840. అలవెన్సులు అదనం. అయితే అసలు మెలిక ఇక్కడే ఉంది. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీస్ మళ్లీ తప్పనిసరి అయింది. అనుభవం లేకుండా నేరుగా జడ్జిలైతే ఇబ్బందులు వస్తున్నాయన్నది కోర్టు మాట. లా క్లర్క్‌గా పనిచేసిన కాలాన్నీ లెక్కలోకి తీసుకుంటారు.

మరి అప్పటిదాకా ఖర్చులు? జూనియర్ లాయర్లకు పట్టణాల్లో నెలకు రూ.20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో రూ.15 వేలు ఇవ్వాలని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చెప్పింది. కానీ అది సూచన మాత్రమే. ఇంటి నుంచి డబ్బులు వచ్చేవాళ్లు మూడేళ్లు ఆగగలరు. రానివాళ్లు మధ్యలోనే వేరే ఉద్యోగం చూసుకుంటే.. నష్టం వాళ్లకే కాదు, కోర్టులకూ!